గోడ మీద పచ్చతీగ

నాకు ముక్కు మీద కోపమని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. జైల్లో డాక్టరమ్మ అదే మాటను కాస్త ఇస్త్రీ చేసి చెప్పింది.

“మీలో కోపం చాలా త్వరగా పైకి వస్తుందండీ.”

“పైకి రావడమేమిటమ్మా, అది కాపురం ఉండేదే పైన. కిందికి దింపే మందేదైనా ఉంటే చెప్పండి” అన్నాను.

ఆవిడ మాత్రలిచ్చే డాక్టరు కాదు, మనసు డాక్టరు. మాలాంటి ఆడఖైదీలను కూర్చోబెట్టి మాట్లాడించి బాగుచేస్తుందట. వయసులో నాకంటే చాలా చిన్నది. ఎప్పుడూ చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. ఆ గోడల మధ్య మమ్మల్ని ‘అండీ’ అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. అందుకే ఆవిడ మీద కోపం వచ్చినా నా దగ్గర ఎక్కువసేపు నిలిచేది కాదు.

“మొక్కలు పెంచండి” అన్నది. “మట్టిలో చెయ్యి పెడితే మనసు నెమ్మదిస్తుంది. మొక్కతో ప్రేమగా మాట్లాడండి. అది వింటుంది.”

“బస్సు నిండా మనుషులకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది, ఒక్కడంటే ఒక్కడు వినలేదు. మొక్క వింటుందా?”

“ప్రయత్నించి చూడండి.”

నేను ససేమిరా అనేదాన్నే. ఎండలో కూర్చుని మట్టి పిసుక్కోవడానికా నేను పుట్టింది? కానీ ఆవిడ చివర్లో ఒక మాట అన్నది, దాంతో నా నోరు మూతపడింది. తోటపని చేసేవాళ్లలో, పంట చేతికొచ్చేదాకా ఎవరితోనూ గొడవపడని వాళ్లకి ఒక ఆదివారం తోటలోనే ములాఖత్ ఇస్తారట. మధ్యలో ఇనప జాలీ ఉండదట. పిల్లలు వచ్చి పక్కనే కూర్చోవచ్చట.

“పట్టుకోవచ్చా?” అని అడిగాను.

“ఏమిటండీ?”

“పిల్లనమ్మా. చేత్తో పట్టుకోవచ్చా?”

ఆవిడ సీసా పక్కన పెట్టింది. “పట్టుకోవచ్చండీ” అన్నది.

ఆ రోజు నుంచి నేను తోటమాలిని.

లోపలికి రాకముందు నేను సిటీ బస్సు కండక్టర్ని. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఒక కాలేజీ పిల్లను సతాయిస్తున్న వాణ్ని దిగరా అన్నాను. దిగలేదు. దింపాను. బస్సు కదులుతోందన్న సంగతి చూసుకోలేదు, వాడి తుంటి విరిగింది. అట్నుంచటే పోలీసులు తీసుకెళ్లారు, మళ్లీ ఇంటి మొహం చూడలేదు. తప్పెంతో ఒప్పెంతో కోర్టు తేల్చింది, శిక్ష వేసింది, నేను అనుభవిస్తున్నాను. దాని మీద ఇక్కడ మళ్లీ వాయిదాలు పెట్టను.

నాకున్నది ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం పిడుగు అంటాం. దాని తండ్రి నేను జైలుకి రాకముందే వేరే కాపురం చూసుకున్నాడు. ఆ మనిషి గురించి మాట్లాడితే నా రక్తం మరుగుతుంది, వదిలేయండి. పిడుగు మా అక్క దగ్గర పెరుగుతోంది. నేను లోపలికి వచ్చేటప్పటికి దానికి పాలపళ్లు ఊడుతున్నాయి. ఇప్పుడు ముందు పళ్లు రెండూ వచ్చేశాయి, కాస్త ఎత్తు కూడాను. అవి నేను జాలీలోంచే చూశాను.

మా ములాఖత్ గదిలో ఒకటి కాదు, రెండు జాలీలు. వాటి మధ్య ఎంత చెయ్యి చాపినా అందనంత ఖాళీ. ఇటు మేము, అటు ఇంటివాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తారు. నా గొంతుకి అక్కడ లోటేమీ లేదు. లోటంతా పిడుగుతోనే. మొదట్లో వచ్చినప్పుడు ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసింది, దాంతోపాటు మాట కూడా మానేసింది. అక్క వెనకాల గోడ వైపు తిరిగి నిలబడేది. ఈమధ్య రావడమే మానేసింది.

“ఏం చెయ్యమంటావే? రానంటే రానంటోంది” అని అక్క అవతలి నుంచి అరిచింది. “నీ పేరెత్తితే చాలు, మొహం మాడ్చుకుని మంచం కింద దూరుతోంది. అచ్చం నీ పోలికే.”

“నా పోలికైతే అరవాలి కదే! మంచం కింద దూరడమేమిటి?”

“అరిస్తే బాగుండుననే నా బాధ కూడా” అన్నది అక్క.

ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది. అరిచే మనిషికి జవాబు చెప్పగలను, పుట్టినప్పటి నుంచీ నా పని అదే. మాట్లాడని పిల్లకి ఏం చెప్పాలి? పట్టుకుంటే ఏమైనా దారి దొరుకుతుందేమో అనిపించేది. అందుకే ఆ ఆదివారం కోసం నోరు కట్టేసుకున్నాను.

తోట అంటే మీరు ఏదో ఊహించుకునేరు. బ్యారక్ వెనక, బట్టలారేసుకునే చోటికీ బయటి గోడకీ మధ్య ఉన్న కాస్త జాగా. తవ్వితే మట్టి కంటే ఇటుకముక్కలే ఎక్కువ వస్తాయి. పారలూ గునపాలూ మాకివ్వరు, మేమంటే వాళ్లకి భయం. పిడి తెగ్గోసిన తాపీలు ఇస్తారు, సాయంత్రం తిరిగి తీసుకుంటారు. తాడు మాట ఎత్తకూడదు. జానెడు మించిన తాడు ఎవరి దగ్గర దొరికినా ఆ రోజు బ్యారక్ మొత్తం తిరగేస్తారు. గోడకి నిచ్చెన కాదు కదా, చీపురుకట్ట ఆనించినా ఊరుకోరు.

నాకు తోడు టైలరక్క. బ్యారక్‌లో నా పక్క పరుపు ఆవిడదే. జైలు కుట్టు షెడ్డులో పని. ఏం చేసి లోపలికి వచ్చిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. జైల్లో మర్యాద అంటే అదే. విత్తనాలు పంచినప్పుడు ఆవిడ ముందుగా వెళ్లి బంతి తీసుకుంది, ఎండ బాగా పడే చోటు కూడా పట్టేసింది. నా వంతు వచ్చేసరికి మిగిలినవి సొరగింజలు, గోడ వైపు మూల.

డాక్టరమ్మ చెప్పింది కదా అని మొదట ప్రేమగానే మొదలుపెట్టాను. “ఏమ్మా, బాగున్నావా?” అని మట్టినడిగాను. చుట్టూ చూసి సిగ్గుపడ్డాను. కొన్నాళ్లకు మొలక వచ్చింది, వచ్చిందేమో వంకరగా వచ్చి పక్కనున్న మొలక మీద పడింది.

“ఏమే, నిటారుగా నిలబడ్డం రాదా? వెనకాల అంత ఖాళీ పెట్టుకుని అందరూ ఇక్కడే ఇరుక్కోవాలా? జరుగు జరుగు!” అని నోటికొచ్చేసింది.

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! మళ్లీ బస్సెక్కినట్టే ఉంది.

ఇక రోజూ అదే పని. పొద్దున కుళాయి దగ్గర ఎవరైనా నా బకెట్టు పక్కకు నెట్టి వాళ్లది పెడితే, పళ్లు బిగబట్టుకుని తోటకొచ్చి సొరపాదుని తిట్టేదాన్ని. కాపలా ఆవిడ ఏదైనా ఎగతాళిగా అంటే, ఆ జవాబంతా మూటగట్టుకొచ్చి పాదు మొదట్లో పోసేదాన్ని. అది మాత్రం ఆకు కదపకుండా వినేది. వినడమే కాదు, తిట్టిన కొద్దీ ఏపుగా పెరిగేది.

“నీ తిట్లు తినే అది అలా బలుస్తోంది కండక్టరమ్మా” అనేది టైలరక్క.

“మీ బంతిమొక్కలకి కూడా రెండు తగిలించనా అక్కా?”

“వద్దు తల్లీ. అవి సున్నితం, పూయడం మానేసి ఏడుస్తాయి.”

ఒకరోజు డాక్టరమ్మ వెనకాల నిలబడి అంతా విన్నది. నేను చూసుకోలేదు. పాదు తల్లినీ, తాతలనీ కూడా ఒక చుట్టు చుట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆవిడ కళ్లు ఇంతింత చేసుకుని ఉంది.

“ఇది... ఇది ప్రేమగా మాట్లాడ్డమేనా అండీ?”

“నా కూతురికి ముద్దలు పెట్టేటప్పుడు కూడా ఇలాగే మాట్లాడేదాన్నమ్మా. నాకు వచ్చిన ప్రేమ ఇదే.”

ఆవిడ “అయితే సరే, కానివ్వండి” అన్నది. చదువుకున్న పిల్లే అయినా చెబితే అర్థం చేసుకుంటుంది.

అలా నాకు ఎవరితోనూ పేచీ లేకుండా రోజులు గడిచాయి. కండక్టరమ్మకి ఒంట్లో బాగాలేదా అని వంటవాళ్లు కూడా వాకబు చేశారు. సొరపాదుకి మాత్రం ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. నేల మీద పాకవే అంటే పాకదు. గోడకి పాత నీళ్లగొట్టం ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని పైకి పోవడం మొదలెట్టింది. లాగి కింద పడేస్తే మర్నాటికి మళ్లీ గొట్టం మీదే. ఈలోగా ముసురు పట్టి మమ్మల్ని తోటలోకి వదల్లేదు. వాన తెరిపిచ్చాక వెళ్లి చూస్తే, నా తల దాటి, గోడకి సగం పైన ఆకులు ఆడించుకుంటూ కూర్చుంది. గోరంత పిందెలు, లేత నూగుతో. లాగి పడెయ్యడానికి నాకు చేతులు రాలేదు. తోట ములాఖత్ వచ్చే ఆదివారమే. పిడుగు వస్తే చూపించాలని ఆశ పుట్టింది. “ఈ ఒక్క వారం అక్కడే ఉండి చావు, ఆ తర్వాత నీ సంగతి చెబుతా” అన్నాను.

సరిగ్గా ఆ వారమే కొత్త సెంట్రీ వచ్చింది.

గోడ మూల మీద కాపలా బురుజు ఉంది. అందులో నిలబడే పిల్ల ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. బూట్లు కూడా కొత్తవి, నడిస్తే కిర్రుకిర్రుమనేవి. ఆవిడ పైన గోడ కాస్తోంది, కింద నా పాదు కాయలు కాస్తోంది, ఎవరి డ్యూటీ వాళ్లది అనుకున్నాను. కానీ గోడ మీద పిట్ట వాలినా ఫోన్ చెయ్యాలని ఆ పిల్లకి నూరిపోసి పంపారట. చేసింది. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో తర్వాత జైలంతా నాటకంలా ఆడి చూపించారు కాబట్టి నాకు కంఠతా వచ్చు.

“మేడమ్, ఖైదీల వైపు నుంచి గోడ మీదికి తీగ పాకింది.”

“ఏం తీగ?” అన్నది ఆఫీసులో ఉన్న జైలర్ మేడమ్.

“పచ్చ తీగ మేడమ్.”

“ఎక్కడిదాకా వచ్చింది?”

“సగం పైకే వచ్చింది. ఇంకాస్త వదిలితే పైనున్న కరెంటు తీగకి తగులుతుంది మేడమ్.”

“ఎవరు పాకించారు?”

“కండక్టరట మేడమ్.”

తీగ, కరెంటు, కండక్టరు. ఈ మూడూ ఒకే ఫోన్‌లో వినపడితే ఎవరి గుండైనా జారుతుంది, జైలర్ మేడమ్‌ని మాత్రం ఏమనగలం? పచ్చ రబ్బరు తొడిగిన వైరు ఎవరో గోడ మీదికి లాగారనీ, పైనున్న కరెంటుకి దాన్ని తగిలించి జైలు మొత్తం చీకటి చేసి పారిపోబోతున్నారనీ ఆవిడకి అర్థమైంది. పై ఆఫీసుకి చెప్పేసింది. గంట కొట్టించింది.

మమ్మల్నందరినీ తోట ముందు వరసగా నిలబెట్టారు. ఏం జరుగుతోందో మాలో ఒక్కరికీ తెలియదు. ఎలక్ట్రీషియన్ని పరుగెత్తించుకొచ్చారు. రబ్బరు తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక టైలరక్క చేతికిచ్చాడు. అందర్నీ దూరం జరగమని, టెస్టర్ ముందుకు చాపి, పిల్లిలా అడుగులేస్తూ గోడ దగ్గరికి వెళ్లాడు. నా సొరపాదు కాడకి టెస్టర్ ఆనించాడు. వంగి చూశాడు. మళ్లీ ఆనించాడు.

“ఏమైంది?” అని జైలర్ మేడమ్ అరిచింది.

“కరెంటు లేదు మేడమ్.”

“బాగా చూడు!”

“బాగానే చూశాను మేడమ్. కరెంటు లేదు గానీ, కాయ ఉంది.”

ఎవరు ముందు నవ్వారో తెలియదు, వరస మొత్తం పొట్టలు పట్టుకుంది. టైలరక్క టీ గ్లాసుతో సహా కింద కూలబడింది. నవ్వకూడదని నేను నాలుక కొరుక్కున్నాను, లాభం లేకపోయింది. బురుజు మీది నుంచి కొత్త పిల్ల తల బయటికి పెట్టి, “నేను ముందే చెప్పాను కదా మేడమ్, పచ్చ తీగ అని!” అన్నది.

జైలర్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. కానీ అంతమందిలో గాలి తీసేస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది? పైగా పై ఆఫీసుకి ఏం జవాబు చెప్పాలి? ఆవిడ మొహం కందగడ్డలా అయింది.

“ఏమిటా నవ్వు? తీగ అంటే తీగే. గోడ మీద ఏ తీగ ఉన్నా తప్పే.” నా వైపు తిరిగింది. “ఇది నీదేనా?”

“నాదే మేడమ్.”

“నీ చేత్తోనే పీకు. వేళ్లతో సహా. ఆదివారం ములాఖత్ కూడా లేదు. గోడకే దిక్కులేని తోటలోకి పిల్లల్ని ఎలా వదులుతాం?”

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నా చెవులు వేడెక్కాయి. మాటలన్నీ తోసుకుంటూ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి, ఒకదాని మీద ఒకటి. అవి ఆవిడ మీద పడ్డాయంటే అది గొడవ. గొడవ పడ్డానంటే ఈ ఆదివారమే కాదు, ఇంకే ఆదివారమూ ఉండదు. పోనీ మింగేద్దామంటే గొంతు దిగవు. టైలరక్క నా మోచేతి మీద గిల్లింది, రక్తం వచ్చేట్టు గిల్లింది. పిడుగు చెయ్యి పట్టుకుంటే ఎలా ఉండేదో గుర్తుచేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు. భయమేసింది.

అప్పుడు నేను సొరపాదు వైపు తిరిగి నడుం మీద చేతులేసుకున్నాను.

“ఏమే! నీకు బుద్ధుందా అసలు? కాస్త ఎత్తు దొరికేసరికి కళ్లు నెత్తికెక్కాయా? కిందున్నవాళ్లు మనుషుల్లా కనపడ్డం లేదా? ఎవరో ఫోన్ చేస్తే చాలు, ముందూ వెనకా చూసుకోకుండా ఊగిపోవడమేనా? ఒక్కసారి వచ్చి కళ్లతో చూసుకోవద్దూ? చూసుకుంటే ఈ గంటలెందుకు, ఈ పరుగులెందుకు, పాపం ఆయన టీ చల్లారిపోవడమెందుకు? సరే, పరువు పోయింది. ఎవరిది పోలేదు? నేను పోగొట్టుకోలేదా? దానికి నా బిడ్డ ఏం చేసిందే? అది వస్తుందో రాదో నాకే తెలియదు. వస్తే ఒక్కసారి చెయ్యి పట్టుకుందామని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నేను! నోరు కుట్టేసుకుని! ఆ ఒక్కటీ లాగేసుకుంటే నీకేం ఒరుగుతుందే? చెప్పవే!”

చివరికొచ్చేసరికి నా గొంతు నాకే అన్యాయం చేసింది. గాలికి పాదు మీద ఆకులు కదిలాయి, ఇంకెవరూ కదల్లేదు.

“ఎవర్ని అంటున్నావు?” అన్నది జైలర్ మేడమ్, నెమ్మదిగా.

“సొరపాదుని మేడమ్.”

“సొరపాదుకి ఫోన్ ఎవరు చేశారు?”

డాక్టరమ్మ నీళ్ల సీసాతో సహా మా మధ్యకు పరుగెత్తుకొచ్చింది. “చికిత్సలో భాగమే మేడమ్! మొక్కతో మాట్లాడమని నేనే చెప్పాను. ఈవిడ రోజూ మాట్లాడతారు.”

“రోజూ ఇలాగేనా?”

“ఇవాళ కాస్త ప్రేమ ఎక్కువైందండీ” అన్నది డాక్టరమ్మ.

వరసలో ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గినట్టు నటించారు. జైలర్ మేడమ్ నా వంక చూసింది. తర్వాత పాదు వంక చూసింది. ఆవిడ పెదవి ఒక పక్కకి కదిలినట్టు నాకనిపించింది, ఒట్టు వేసి మాత్రం చెప్పలేను.

“సాయంత్రం లోపల గోడ మీద ఒక్క ఆకు కనపడకూడదు. పీకుతావో, దింపుకుంటావో నీ ఇష్టం” అన్నది. రెండడుగులు వేసి ఆగింది. “ఆదివారం ఉంటుంది. ఇకనైనా కాస్త నేల మీద ఉండటం నేర్చుకో.”

చివరి మాట పాదుతో అన్నదో నాతో అన్నదో నాకిప్పటికీ తెలియదు.

పీకడం నా వల్ల కాదు, దింపడమే. తీగ గొట్టాన్ని ఎలా చుట్టుకుందంటే, ఒక్కో నులి విప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. టైలరక్క మాత్రం కుట్టు విప్పినంత తేలిగ్గా విప్పింది. మిగతా వాళ్లంతా చేతులు చాపి వరసగా నిలబడ్డారు, విప్పిన తీగను వాళ్ల చేతుల మీదికి వదులుతూ వచ్చాం. “జరగండమ్మా జరగండి, వెనక ఖాళీ ఉంది!” అని నేను అరుస్తున్నాను. పాత సామాను గదిలోంచి విరిగిన ఇనప మంచం ఒకటి తెచ్చి నిలబెట్టాం, అదే పందిరి. కట్టడానికి తాడు లేదు కదా, కుట్టు షెడ్డులోని గుడ్డ అంచులు, ఒక్కోటి జానెడు లోపే. కొత్త సెంట్రీ బురుజు మీది నుంచి “కుడి పక్కకి, ఇంకొంచెం కుడి పక్కకి!” అంటూ మాకు సాయం చేసింది. ఎలక్ట్రీషియన్ ఇంకో టీ తెచ్చుకుని దగ్గరుండి చూశాడు.

ఆదివారం వచ్చింది.

పొద్దున్నుంచీ నాకు కాళ్లు నిలవలేదు. ఒక్కో కుటుంబాన్నీ గేటు దగ్గర తనిఖీ చేసి తోటలోకి వదులుతున్నారు. టైలరక్క తమ్ముడు వచ్చాడు. వంటావిడ కొడుకులు వచ్చారు. మా అక్క వచ్చింది. ఒక్కతే. నా గుండె చెరువైపోయింది. అంతలో అక్క పక్కకి జరిగింది, వెనకాల రెండు జడలు కనపడ్డాయి.

“నేనేం బతిమాలలేదు” అన్నది అక్క చిన్నగా. “ఈసారి జాలీ ఉండదట అన్నాను. లేచి చెప్పులేసుకుంది, అంతే.”

పిడుగు నా ముందు కర్రలా నిలబడింది. నేను చెయ్యి చాపితే వెనక్కి జరిగింది. బలవంతం చెయ్యకండని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, అందుకని చెయ్యి దించేసి నేల మీద గొంతుక్కూర్చున్నాను. నోరు ఊరుకుంటుందా? వసపిట్టలా వాగడం మొదలెట్టాను. ఇదిగో ఇవి బంతిపూలు నాన్నా, అదిగో అది నా పాదు, మంచం మీద పడుకుని కాయలు కాస్తోంది చూడు, ఎంత ఎదిగావే, బడిలో ఎలా ఉంది, జడలు పెద్దమ్మ వేసిందా... అది నేల వంకే చూస్తోంది. నాకు మాటలు అయిపోయాయి. నా జన్మలో మొదటిసారి.

“వచ్చేస్తానన్నావు” అన్నది.

వినీ వినపడనట్టు అన్నది. “ఏమిటి నాన్నా?” అన్నాను.

“సాయంత్రం వచ్చేస్తానన్నావు. డ్యూటీకి వెళ్తూ. జడ వెయ్యమంటే సాయంత్రం వచ్చి వేస్తానన్నావు.” గొంతు మెల్లగా లేచింది. “నేను గుమ్మంలో కూర్చున్నాను. చీకటి పడినా కూర్చున్నాను. పెద్దమ్మ లోపలికి రమ్మంటే కూడా రాలేదు. నువ్వు రాలేదు! అబద్ధాలకోరు! అబద్ధాలకోరు!”

పిడికిలి వచ్చి నా భుజం మీద పడింది. తర్వాత రెండోది. ఆపైన లెక్క లేదు, భుజం మీద, గుండె మీద, చెంప మీద, ఎక్కడ అందితే అక్కడ. “వాణ్ని ఎందుకు తోశావు? నేను ఇంట్లో ఉన్నానుగా! ఎందుకు తోశావు?” తోటంతా తిరిగి మా వంకే చూస్తోంది. ఆ గొంతు, ఆ ఊపు, కళ్లల్లో ఆ మంట! అక్క దాన్ని పట్టుకోబోతే నేను వద్దని చెయ్యి ఊపాను. ఎన్నాళ్లకు తగిలాయి నాకా చేతులు! చిన్న చేతులు, గట్టివి, వెచ్చగా ఉన్నాయి. నొప్పిగా ఉంది, ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

విజిల్ మోగింది. జైలర్ మేడమ్ గబగబా వచ్చింది. “ఏమిటిక్కడ? గొడవా?”

“గొడవ కాదు మేడమ్” అన్నాను, దెబ్బలు తింటూనే. “నా కూతురు నాతో మాట్లాడుతోంది.”

ఆవిడ అటు తిరిగి, చూస్తున్న వాళ్లందర్నీ ఎవరి పిల్లల్ని వాళ్లు చూసుకోమని గదమాయించింది.

పిడుగు కొట్టీ కొట్టీ అలిసిపోయింది. చివరి దెబ్బకి పిడికిలి నా మెడ దగ్గరి బట్టని పట్టుకుని అక్కడే ఉండిపోయింది. వెక్కిళ్ల మధ్య అడిగింది, “నొప్పెట్టిందా?”

“పెట్టింది.”

“బాగా అయింది.”

“బాగానే అయింది నాన్నా. ఇంకా కోపం ఉందా?”

“చాలా ఉంది.”

“అయితే వచ్చే ములాఖత్‌కి రా. మిగిలిందంతా అప్పుడు తిట్టు.”

“అప్పుడు జాలీ ఉంటుందిగా?”

“జాలీలోంచే తిట్టు. అక్కడ అందరూ అరుస్తుంటారు, గట్టిగా తిట్టాలి మరి. చేతనవుతుందా?”

అది ముక్కు నా భుజానికి తుడుచుకుంది. “నేను నీ కంటే గట్టిగా అరుస్తాను” అన్నది, నా మెడ చుట్టూ చేతులేస్తూ.